చేయి పట్టుట, చేయి యిచ్చుట



బసవ జయంతినాటి సాయంకాలము. మఠప్రాంగణమున దాసోహమునకు విస్తళ్లు పరచినారు. గుమ్మము దగ్గర ఒక వృద్ధ శరణుడు చేతికఱ్ఱతో నేలను తట్టి చూచుకొనుచు మొదటి మెట్టు ఎక్కబోవుచుండగా నలుగురు యువకులు పరుగెత్తి వచ్చిరి. ఒకడు కుడిచేయి పట్టినాడు. ఒకడు భుజము పట్టినాడు. మూడవవాడు కఱ్ఱను లాగికొని ‘మేముండగా దీనితో పనియేమి తాతా’ అన్నాడు. నాల్గవవాడు వెనుకనుండి నెట్టినాడు. వృద్ధుడు మెట్లు ఎక్కలేదు, ఎక్కింపబడినాడు. ఆయనను గోడవార ఒక మూల కూర్చుండబెట్టి, కఱ్ఱను తలుపు వెనుక చేర్చి, పుణ్యము కట్టుకొంటిమని సంతసించుచు వారు తమ పనులకు పోయిరి. వడ్డించువాడు వచ్చి ప్రక్కనున్న మనుమనితో ‘తాతకు పప్పు వేయవచ్చునా?’ అని అడిగినాడు. తాతకు చూపు లేదు. వినికిడి యున్నది, ఆకలి యున్నది, పప్పు కావలెనో వద్దో చెప్పగల నాలుక యున్నది. ఆయనను మాత్రము ఎవ్వరును అడుగలేదు.

ఈ దృశ్యము ఫలానా మఠములోనిదని చెప్పనక్కరలేదు. ఏ మఠములోనైనను, ఏ పెండ్లి పందిటిలోనైనను ఇది కనబడును. ఆ నలుగురు యువకులు దుష్టులు కారు. పిలువకయే పరుగెత్తి వచ్చినవారు. వారిలో దయ కొఱతపడలేదు. తాము చేయుచున్నది సేవ యని వారు మనసార నమ్మిరి. మంచి మనస్సుతో చేసిన పని ఎదుటివానికి అవమానమెట్లయ్యెనో విచారించుటయే ఇక్కడి పని.

దాసోహ శబ్దమునకు ‘నేను దాసుడను’ అని అర్థము. బసవేశ్వరుడు కల్యాణమున నడిపిన ధర్మమునకు ఇది ప్రాణము. దానమునకును దాసోహమునకును గల భేదమును ప్రవచనములలో పెద్దలు పలుమార్లు చెప్పుదురు. దానము చేయువాని చేయి పైన నుండును, పుచ్చుకొనువాని చేయి క్రింద నుండును. దాసోహములో ఇది తలక్రిందులగును. పెట్టువాడే తగ్గి నిలుచును, జంగముడు వచ్చి స్వీకరించుట తన భాగ్యమని తలంచును. ఇంతవఱకు అందఱు ఎఱిగినదే. దీనినుండి పుట్టు మఱియొక మాటను అంతగా ఆలోచింపము. యజమాని యెటు పోవలెనో దాసుడు నిర్ణయింపడు. ‘అయ్యా, ఏమి సెలవు?’ అని అడుగును. అడుగక యజమాని చేయి పట్టి యీడ్చుకొని పోవువానిని దాసుడని ఎవరందురు?

చూపు లేనివారికి దారి చూపుటలో అనుభవజ్ఞులు నిర్ణయించిన పద్ధతి యొకటి గలదు. తోడు వచ్చువాడు వారి చేయి పట్టరాదు. తన చేతిని వారికి అందింపవలెను. వారు అతని మోచేతికి కొంచెము పైభాగమున పట్టుకొని, అర అడుగు వెనుకగా నడతురు. ముందున్నవాని శరీరము వంగినప్పుడు, లేచినప్పుడు, ప్రక్కకు తిరిగినప్పుడు ఆ కదలిక చేతిద్వారా వెనుకవారికి తెలియును. మెట్టు వచ్చుచున్నదని మాట చెప్పకమునుపే మోచేయి చెప్పును. నచ్చనిచోట వారు చేయి వదలి నిలిచిపోవచ్చును. ఆ స్వాతంత్ర్యము వారి చేతిలోనే యుండును. ఇందులో ఎవరి చేయి పైనున్నదో చూడుడు. నడచువారి చేయి పైన, నడిపించువాని చేయి క్రింద. శాస్త్రము చెప్పిన దాసోహభంగిమ రోడ్డు దాటు చోట, బస్సు ఎక్కు చోట ఉన్నదున్నట్లు కనబడుచున్నది.

కొందఱికి మఱియొక సందేహము కలదు. శివయోగమున ఇష్టలింగమును అరచేత నుంచుకొని దానియందు దృష్టి నిలుపుట ఒక ముఖ్యసాధన గదా, చూపు లేనివారికి అది యెట్లు పొసగును, వారి పూజ పూర్ణమగునా యని అడుగుదురు. పైకి అనకున్నను మనస్సులో అనుకొనువారు పెక్కుమంది. వీరశైవ సంప్రదాయమున శిశువు తల్లి గర్భమున నుండగనే లింగసంస్కారము జరుపు ఆచారము గలదు. కన్ను తెరువకమునుపే, వెలుగనగానేమో ఎఱుగకమునుపే ఆ జీవికి లింగసంబంధము కలుగుచున్నది. చూపే అర్హతయైనచో ఈ ఆచారమునకు అర్థమే లేదు.

షట్స్థల సిద్ధాంతము ఈ సందేహమును ఇంకను సూక్ష్మముగా తీర్చుచున్నది. ఒక్క పరశివుడే భక్తుని ఇంద్రియములయందు ఆరు లింగములై నిలిచి అర్పణమును స్వీకరించునని ఆ సిద్ధాంతము. ఘ్రాణమున ఆచారలింగము గంధమును, జిహ్వయందు గురులింగము రుచిని, నేత్రమున శివలింగము రూపమును, త్వక్కునందు జంగమలింగము స్పర్శను, శ్రోత్రమున ప్రసాదలింగము శబ్దమును, హృదయమున మహాలింగము తృప్తిని గ్రహించును. కంటికి చెందినది ఆరింటిలో ఒక్కటి. తక్కిన అయిదును చూపు లేనివారియందు నిండుగనే యున్నవి. స్పర్శకు జంగమలింగమును చెప్పుట గమనింపదగినది. చరించు శివునకు నెలవు చర్మము. అరచేతిలోని లింగపు బరువు, అభిషేకజలపు చల్లదనము, విభూతి మెత్తదనము, మారేడు పత్రి అంచు, ఇవి యన్నియు వ్రేళ్ల కొసలకు తెలియుచునే యున్నవి. చూపున్నవారు కన్నులు తెరచి పూజ చేయుచు మనస్సును అంగడిలో తిప్పుటయు లేకపోలేదు.

అట్టి పూజకు ఆటంకము శాస్త్రమునుండి రాదు. ఇంటివారివలన వచ్చును. పీటకు కుడివైపున విభూతి, ఎడమవైపున నీళ్లచెంబు, ఎదుట పత్రి యని ఒక క్రమమును ఏర్పఱచుకొని ఇంటి పెద్ద పూజ చేసికొనుచుండును. పండుగకు ముందు ఇల్లు కడిగిన కోడలు విభూతి పెట్టెను అందముగా నుండునని గూటిలోనికి మార్చును. మఱునాటి తెల్లవారుజామున ఆయన చేయి నేలనంతయు తడవి, చెంబును తన్ని, నీళ్లు ఒలికి, చివరకు ‘అమ్మా’ అని పిలువవలసి వచ్చును. ఆ ఒక్క పిలుపు ఆయనకెంత బరువో ఇంటిలో ఎవరికిని తెలియదు. వస్తువును తీసినచోటనే తిరిగి పెట్టుట, మార్చినచో మార్చితినని చెప్పుట, తలుపును సగము తెరచి ఉంచక పూర్తిగా మూసియైనను పూర్తిగా తెరచియైనను ఉంచుట, దారిలో బిందె పెట్టకుండుట, ఇవి ఖర్చు లేని సేవలు. సగము తెరచిన తలుపు అంచు నుదుటికి తగిలిన దెబ్బ తిన్నవారికే యెఱుక.

చూపు విషయమై మాటాడునప్పుడెల్ల కన్నప్పను తలంచుట మన వాడుక. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఉడుమూరి కన్నప్ప కథను చెప్పియున్నాడు. శ్రీకాళహస్తిలో ఆ బోయభక్తుని పేరు ఎఱుగనివారుండరు. లింగమునకు ఒక కంట రక్తము కారగా, మందు మూలికలు పనిచేయకపోగా, తన కన్ను పెకలించి అతికినాడు. రక్తము నిలిచినది. అంతలో రెండవ కంటనుండియు కారజొచ్చినది. ఇక్కడ ఉపన్యాసకులు సాధారణముగా గొంతు పెంచి త్యాగమును వర్ణింతురు. సభ కంటతడి పెట్టును. ఆ ఉత్సాహములో ఒక చిన్న విషయము జారిపోవుచున్నది. మిగిలిన ఆ ఒక్క కంటిని తీసినచో తాను అంధుడగుననియు, పిమ్మట లింగమున కన్ను అతుకవలసిన తావు తనకు కనబడదనియు కన్నప్ప ముందుగా ఆలోచించినాడు. అందుకై తన కాలిని ఆ కంటిమీద నుంచి గుర్తు పెట్టుకొన్నాడు. ఆచారపరుల దృష్టిలో అది ఘోరాపచారము. శివునకు అది అపచారముగా తోచలేదు. చూపు పోయిన తరువాతకూడ చేయవలసిన పని చేయవచ్చును, దానికి స్పర్శ చాలును, కావలసినది ఒక గుర్తు మాత్రమే యని ఆ బోయవాడు గ్రహించెను. అంధత్వమును పని ముగిసిన స్థితిగా అతడు తలంపలేదు.

దేవాలయమున, మఠమున, బడిలో, కార్యాలయమున చూపు లేనివారు అడుగునది ఈ గుర్తునే. మెట్ల ప్రక్కన పట్టుకొనుటకు ఒక కమ్మి, లిఫ్టు మీటలపై వ్రేలికి తగులు చుక్కలు, వీధిలో కాలికి తెలియు గరుకు పలక. కన్నప్ప కాలి గుర్తును కొనియాడుచు, మఠమునకు పట్టుకమ్మి యడిగినవారితో ‘ఇంతకాలము లేనిది ఇప్పుడెందుకు’ అనుట వింతగానున్నది.

కన్నప్ప పేరు చెప్పి నేత్రదానమును ప్రోత్సహించుటయు మంచిదే. మరణానంతరము సుమారు ఆరు గంటలలోపల కంటి పైపొరను, అనగా కార్నియాను, సేకరింతురు. ముఖము వికారము కాదు. లింగైక్యులైనవారి శరీరమును లింగసహితముగా సమాధి చేయు మన విధికి దానివలన లోపము రాదు. ఐనను ఒక సంగతి స్పష్టముగా తెలిసికొనవలెను. కార్నియా చెడి చూపు పోయినవారికే ఆ దానము ఉపకరించును. కంటి నరము, లోపలి రెటీనా చెడినవారికి దానివలన చూపు రాదు. కావున చూపు లేని ప్రతి మనుష్యుని చూచి ‘ఎవరైన కన్నిచ్చిన బాగుండును’ అని నిట్టూర్చుటవలన వారికి ఒరుగునది లేదు. చచ్చిన పిమ్మట కన్ను ఇచ్చుటకు సంతకము చేసినవాడు బ్రదికియుండగా మోచేయి ఇచ్చుటకు తీరిక లేదనరాదు గదా.

వీరశైవ లోకమునకు ఈ విషయమున పరుల ఉదాహరణములను వెదకవలసిన అవసరము లేదు. కర్ణాటకమున హానగల్లు కుమారస్వాములు 1909లో బాదామి సమీపమున మలప్రభా తీరమందు శివయోగమందిరమును స్థాపించిన మహనీయులు. హావేరి ప్రాంతమున కాడశెట్టిహళ్లి యను పల్లెలో 1892లో జన్మించిన ఒక బాలునకు చూపు లేదు, అన్నకును లేదు. ఆ పిల్లల కంఠమాధుర్యమును విన్న స్వాములవారు వారిని చేరదీసిరి. చేరదీసి ఏమి చేసిరన్నదే ముఖ్యము. ఒక మూల కూర్చుండబెట్టి ప్రసాదము పెట్టి పోషించియుండవచ్చును. లోకము అదియు గొప్ప పుణ్యమే యనెడిది. వారు ఆ పని చేయక, గురువులను వెదకి, సంవత్సరముల తరబడి విద్య చెప్పించిరి. ఆ బాలుడే కర్ణాటక హిందూస్థానీ సంగీతములు రెంటియందును పారంగతులైన గానయోగి పంచాక్షర గవాయిగారు. గదగు పట్టణములోని వీరేశ్వర పుణ్యాశ్రమము వారి స్థాపనము.

ఆ ఆశ్రమమున జరిగినదానిని చూచినచో ఎవరు ఎవరికి దారి చూపిరో చెప్పుట కష్టము. చూపు లేని బాలురకు, దిక్కులేని పిల్లలకు అక్కడ అన్నము, విద్య లభించినవి. అంతటితో ఆగలేదు. చూపు గల విద్యార్థులును వచ్చి పంచాక్షర గవాయిగారి పాదములకడ కూర్చుండి నేర్చిరి. హిందూస్థానీ గాయకులలో సుప్రసిద్ధులైన బసవరాజ రాజగురుగారు వారి శిష్యులే. 1944లో పంచాక్షర గవాయిగారు లింగైక్యులైన పిమ్మట ఆశ్రమభారమును వహించిన పుట్టరాజ గవాయిగారును చూపు లేనివారే. 1914లో పుట్టిన ఆ మహనీయులు పెక్కు వాద్యములను సాధించి, కన్నడ సంస్కృత హిందీ భాషలలో గ్రంథరచన చేసి, 2010లో పద్మభూషణ పురస్కారమును పొంది, ఆ సంవత్సరముననే సెప్టెంబరు 17వ తేదీన లింగైక్యులైరి. పండిత వెంకటేశకుమారుగారు వారివద్దనే పండ్రెండేండ్లు నేర్చిన శిష్యులు. అంధులకు సహాయము చేయుట యనగానే చూపున్నవారు ఇచ్చువారు, లేనివారు పుచ్చుకొనువారు అను లెక్క మనస్సులో స్థిరపడియున్నది. గదగులో ఆ లెక్క తప్పినది.

ఐతే గదగు ఖ్యాతినుండి ఒక పొరపాటు భావమును పుట్టినది. చూపు లేని బిడ్డ ఇంట పుట్టినచో ‘సంగీతము నేర్పించుడు, వారికి దేవుడిచ్చిన విద్య అది’ అని చుట్టములందఱు సలహా చెప్పుదురు. కుమారస్వాములు ఆ బాలునిలో సంగీతమును విని సంగీతము నేర్పించిరి. మఱియొక బాలునిలో గణితము వినబడియుండిన గణితమే నేర్పించియుందురు. శ్రుతి కలియని పిల్లవానికి హార్మోనియము కట్టబెట్టుట వానికిని శిక్ష, వినువారికిని శిక్ష. కల్యాణపు శరణులలో త్రాడు పేనిన నులియ చందయ్య, బుట్టలల్లిన మేదర కేతయ్య, పడవ నడపిన అంబిగర చౌడయ్య, బట్టలుతికిన మడివాళ మాచయ్య ఉన్నారు. అందఱికిని ఒకే కాయకమును విధింపలేదు, ఎవ్వరిని కాయకము లేకుండ కూర్చుండబెట్టలేదు. అంధునకు పని యేల, మేము పెట్టుదుము గదా యను కుటుంబము ప్రేమతోనే ఆ మాట అనుచున్నది. కాని కాయకము లేనిదే శరణునకు దాసోహము చేయు అధికారము రాదు. తాను సంపాదించి జంగమునకు పెట్టు భాగ్యమును ఆ బిడ్డనుండి తీసివేయుచున్నామని ఆ కుటుంబమునకు తట్టదు.

నేడు దారులు పెక్కు గలవు. ఫ్రాన్సు దేశమున లూయీ బ్రెయిలీ యను అంధయువకుడు ఆరు చుక్కలతో కల్పించి 1829లో ప్రకటించిన లిపిని 1951లో భారతీయ భాషలన్నింటికి ఒకే క్రమమున కుదిర్చిరి. తెలుగు వర్ణమాలయు అందులో కలదు. కంప్యూటరు తెరపైని, చేతిఫోనులోని అక్షరములను చదివి వినిపించు సాధనములు వచ్చినవి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలు 19నుండి అమలులోనికి వచ్చినది. నిర్ణీత ప్రమాణమున వైకల్యము గల బిడ్డలకు ఆరునుండి పదునెనిమిదేండ్లవఱకు ఉచితవిద్య, ప్రభుత్వోద్యోగములలో దివ్యాంగులకు నూటికి నాలుగు, అందు చూపు లేనివారికిని మందగించినవారికిని ఒకటి చొప్పున స్థానము దానిలో చెప్పబడినవి. బిడ్డను ఇంట దాచిన తల్లిదండ్రులకు ఇవేవియు తెలియవు. మఠమునకు వచ్చు భక్తులలో చదువుకొన్నవారు ఆ కాగితములు నింపి పెట్టినచో అదియు దాసోహమే.

దాచుటకు కారణము సిగ్గు. సిగ్గుకు మూలము పూర్వజన్మ పాపమను మాట. ఈ మాట లింగవంతుల ఇండ్లలో వినబడుట విచారకరము. జనన మరణములకు, రజస్సుకు, ఎంగిలికి, కులమునకు అంటు లేదని పంచసూతకములను త్రోసిపుచ్చిన ధర్మము మనది. శకునములను, ముహూర్తములను నమ్మవలదని శరణులు బోధించిరి. అట్టివారి ఇంటినుండి బయలుదేరిన పెండ్లిబృందము దారిలో చూపు లేని మనుష్యుడు ఎదురైనంతనే నిలిచి, ఇంటిలోనికి మరలి, నీళ్లు త్రాగి తిరిగి బయలుదేరుచున్నది. ఎదురువచ్చిన మనుష్యునకు కనబడదు గాని, నిలిచిన అడుగుల చప్పుడు, గుసగుసలు వినబడును. ఎందుకు నిలిచిరో ఆయనకు తెలియును.

ప్రవచనములు చేయు స్వాములును, పండితులును తమ మాటలను ఒకసారి తడవిచూచుకొనుట మేలు. అజ్ఞానమును అంధత్వముతో పోల్చుట, మూర్ఖుని గ్రుడ్డివాడనుట, లెక్క లేని పనికి చేలో పడిన గ్రుడ్డెద్దును ఉపమానముగా తెచ్చుట వేదికలపై నిత్యకృత్యము. జ్ఞానమునకు వెలుగు, అజ్ఞానమునకు చీకటి యను ఉపమ అనాదిగా నున్నది. దానిని వదలుట సాధ్యము కాకపోవచ్చును. కాని మొదటి వరుసలో చూపు లేని భక్తుడు చెవి యొగ్గి కూర్చుండగా, ఆయన దేహస్థితినే అవివేకమునకు మారుపేరుగా గంటసేపు వాడుట గురుస్థానమునకు తగదు. పంచాక్షర గవాయిగారు ఆ సభలో నున్నచో ఆ ఉపమానము నోట వచ్చునా?

చూపు బొత్తిగా లేనివారిని గూర్చి యింతవఱకు చెప్పబడినది. చూపు మందగించినవారి కష్టము వేఱు, ఒక విధముగా ఎక్కువ. మంచి కన్నులవారు 60 మీటర్ల దూరమునుండి గుర్తింపగల దానిని 3 మీటర్ల దూరమునకు వచ్చినను గుర్తింపలేనివారిని చట్టము అంధులుగా ఎంచును. అంతకంటె కొంత మేలుగా నున్నవారు మందదృష్టివారు. కొందఱికి నడిమి చూపు పోయి ప్రక్కచూపు మిగులును, కొందఱికి గొట్టములోనుండి చూచినట్లు ఎదుటిది మాత్రమే కనబడును, కొందఱికి చీకటి పడగనే ఏమియు కనబడదు. అట్టివారు పగలు పత్రికను ముక్కుకు ఆనించుకొని చదువుదురు. సాయంకాలము మెట్టు తప్పి పడుదురు. చూచినవారు ‘ఉదయము పత్రిక చదివెను, ఇప్పుడీ నటన యేల’ అని నవ్వుదురు. నటన యనిపించుకొనుటకు వెఱచి కఱ్ఱ పట్టుట మానినవారును, కఱ్ఱ లేక పడినవారును కలరు. మఠపు మెట్ల అంచులకు ఒక పసుపుపచ్చని గీత గీయించుటకు అయ్యెడి వ్యయము ఒక పూట పూలదండల వ్యయము కాదు.

డబ్బు ఇచ్చిపుచ్చుకొనునప్పుడు ఒక్కొక్క నోటును పేరు చెప్పి చేతికీయవలెను. 100, 200, 500 రూపాయల నోట్లు వెడల్పున ఒకటే, పొడవున 142, 146, 150 మిల్లీమీటర్లు. ఆ నాలుగు మిల్లీమీటర్ల తేడాను వ్రేళ్లతో కొలిచి, అంచుననున్న ఉబ్బెత్తు గీతలను తడవి వారు గుర్తింతురు. దానికి క్షణకాలము పట్టును. వెనుకవారు విసుగుకొనకుండుటయే అప్పటికి చేయదగిన ఉపకారము.

పంక్తిలో వడ్డించునప్పుడు విస్తరిలో ఎక్కడ ఏమున్నదో చెప్పవలెను. ‘అయ్యా, మీ కుడిచేతి దగ్గఱ పప్పు, దానికి పైన కూర, ఎడమ కొసన పచ్చడి, మజ్జిగ లోటా విస్తరికి అవతల కుడివైపున’ అనుటకు ఎంత సేపు పట్టును? పలుకరించునప్పుడు ‘నేనెవరో చెప్పుకొనుడు’ అని పరీక్ష పెట్టక, ‘శరణార్థి తాతా, మీ వీథి చివరి ఇంటివాని కొడుకును’ అని తన్ను తాను తెలుపుకొనవలెను. వెళ్లునప్పుడు వెళ్లుచున్నానని చెప్పవలెను. ఎదుటివాడు లేచిపోయినాడని తెలియక ఖాళీ స్థలముతో మాటాడుచు, చుట్టునున్నవారు నవ్వగా గ్రహించిన అవమానము ఏండ్ల తరబడి మాసిపోదు. నడుమ నడవలో చేయి వదలి పోరాదు. గోడయో స్తంభమో చేతికి తగిలించి మఱి వదలవలెను. కఱ్ఱను ఎన్నడును లాగికొనరాదు. అది వారి శరీరములో భాగము. సాయము వద్దన్నచో నొచ్చుకొనక ఊరకుండవలెను. వీటిలో కడపటిదే అన్నిటికంటె కష్టమైనదని సేవ చేయువారికి అనుభవమున తెలియును.

మరుసటి యేడు అదే మఠమునకు అదే వృద్ధుడు వచ్చినాడు. గుమ్మము దగ్గఱ ఒక యువకుడు మాత్రము ఎదురువచ్చి, ‘శరణార్థి తాతా, నిరుడు మీ కఱ్ఱ లాగికొన్నవాడను. చేయి యిమ్మందురా?’ అని అడిగినాడు.

‘చేయి అక్కరలేదు నాయనా. మెట్లెన్నియో చెప్పు.’

‘ఏడు తాతా. మూడవది కొంచెము ఎత్తు.’

వృద్ధుడు కఱ్ఱతో లెక్కించుకొనుచు, మూడవదానికడ ఒక క్షణము ఆగి, ఏడును ఎక్కినాడు. పైకి చేరిన పిమ్మట తానే చేయి చాచి యువకుని మోచేయి పట్టుకొని, ‘కాళ్లు కడుగుకొనుటకు నీళ్లెక్కడ?’ అని అడిగినాడు. యువకుడు ఆయనను బావివైపునకు తీసికొనిపోయి చెంబు చేతికిచ్చినాడు. కాళ్లు కడుగుకొని, తల తుడుచుకొని, విభూతి ధరించుచు ఆయన నవ్వి, ‘నిరుడు నన్ను కాళ్లు కడుగనీయకయే పంక్తిలో కూర్చుండబెట్టితిరి. అన్నము ఎట్లు తింటినో శివునకే యెఱుక’ అన్నాడు.